బిషప్ కన్నుగా పన్నెండేళ్లు.. ఆర్చ్‌డీకన్ డేనియల్ కొర్రీ

నాలుగు మరణాల మధ్య నిలిచిన ఒకే మనిషి
బాధ్యత అంతా ఆయనది.. పట్టమిచ్చే అధికారం మాత్రం లేదు
15 నెలల మద్రాసు బిషప్ జీవిత విశేషాలు

మచిలీపట్నం: కలకత్తాలోని ఆంగ్లికన్ బిషప్ పీఠం 1822 నుంచి 1831 వరకు తొమ్మిదేళ్ల వ్యవధిలో నాలుగుసార్లు ఖాళీ అయింది. ఇంగ్లండులో ఓడ ఎక్కి నెలల తరబడి ప్రయాణించి వచ్చిన నలుగురు బిషప్‌లు ఒకరి తర్వాత ఒకరుగా కన్నుమూశారు. చివరి మూడు మరణాల తర్వాతా బరువంతా ఒకే మనిషి భుజాలపై పడింది. ఆయన బిషప్ కాదు. బిషప్ చేయవలసిన పనుల్లో ముఖ్యమైనవి చేసే హక్కు కూడా ఆయనకు లేదు. అయినా కొత్త బిషప్ వచ్చేవరకు హిమాలయాల నుంచి సింహళం దాకా విస్తరించిన సంఘాల మంచిచెడ్డలు ఆయనే చూశారు. ఆయనే కలకత్తా ఆర్చ్‌డీకన్ డేనియల్ కొర్రీ. తర్వాతి కాలంలో తెలుగు జిల్లాలు కూడా కలిసి ఉన్న మద్రాసు డయోసిస్‌కు తొలి బిషప్ అయ్యారు. 1837 ఫిబ్రవరి 5న మద్రాసులో మరణించారు. జిల్లాలోని పాత చర్చిల చరిత్ర చదివేవారికి ఈ పేరు అక్కడక్కడా తారసపడుతుంది. కానీ ఆర్చ్‌డీకన్ అనే పదవి ఏమిటో, ఆ పదవిలో ఆయన పడిన శ్రమ ఏమిటో తెలిసినవారు తక్కువ.

పరిచారకుల్లో పెద్ద

ఆర్చ్‌డీకన్ అనేది గ్రీకు మూలాల నుంచి వచ్చిన మాట. డీకన్ అంటే పరిచారకుడు. ఆర్చ్‌డీకన్ అంటే పరిచారకుల్లో పెద్ద. తొలి శతాబ్దాల సంఘంలో బిషప్ పక్కన ఉండి కానుకల లెక్కలు చూడడం, పేదలకు, విధవలకు సాయం పంచడం డీకన్ల పని. వారిలో పెద్దవాడు సహజంగానే బిషప్‌కు కుడిభుజమయ్యాడు. క్రీస్తు శకం 258లో రోమ్‌లో ప్రాణాలర్పించిన లారెన్స్‌ను సంప్రదాయం అటువంటి పెద్ద పరిచారకుడిగానే గుర్తుంచుకుంది.

ఇంగ్లండులో 1066 నాటి నార్మన్ విజయం తర్వాత ఈ పదవి రూపం మారింది. ఒక్కో డయోసిస్‌ను భాగాలుగా విడదీసి ఒక్కో భాగాన్ని ఒక్కో ఆర్చ్‌డీకన్‌కు అప్పగించారు. మన రెవెన్యూ పరిపాలనతో పోలిస్తే బిషప్ కలెక్టరు వంటివారు కాగా, ఆర్చ్‌డీకన్ డివిజన్ అధికారి వంటివారు. ఊరూరా తిరిగి చర్చి గోడలు, కప్పు, పాత్రలు, పుస్తకాలు సరిగా ఉన్నాయో లేదో చూడాలి. వార్డెన్లుగా ఎన్నికైన సంఘ పెద్దల చేత ప్రమాణం చేయించాలి. కొత్తగా వచ్చిన గురువుకు చర్చి బాధ్యతలు అప్పగించాలి. గురుపట్టానికి నిలబడే అభ్యర్థులను పరీక్షించి బిషప్ ముందు హాజరుపరచాలి. అందుకే ఆయనను బిషప్ కన్ను అనేవారు.

తనిఖీ చేసేవాడంటే ఎవరికీ ఇష్టం ఉండదు. మధ్యయుగాల్లో ఆర్చ్‌డీకన్లకు సొంత న్యాయస్థానాలు ఉండేవి. జరిమానాలు వసూలు చేసేవారు. ఆర్చ్‌డీకన్‌కు మోక్షం దొరుకుతుందా అని ఆనాటి పండితులు సరదాగా చర్చించుకునే దాకా వెళ్లింది ఆ పదవికి వచ్చిన చెడ్డపేరు. కాలక్రమేణా ఆ న్యాయాధికారాలు తగ్గిపోయాయి. తనిఖీ, పరిపాలన మిగిలాయి. వెనరబుల్ అన్న గౌరవ సంబోధన మాత్రం అలాగే నిలిచింది.

అయితే ఆర్చ్‌డీకన్‌కు ఎంత అధికారం ఉన్నా ఒక గీత దాటడానికి వీల్లేదు. గురుపట్టం ఇవ్వడం, విశ్వాసులపై చేతులుంచి నిర్ధారణ చేయడం, కొత్త చర్చిని ప్రతిష్ఠించడం బిషప్ ఒక్కరికే చెల్లుతాయి. ఇంగ్లండులో ఇది పెద్ద చిక్కు కాదు. ఒక బిషప్ మరణిస్తే పొరుగు బిషప్ రెండు మూడు రోజుల్లో రాగలరు. భారతదేశంలో పరిస్థితి వేరు. ఇక్కడి బిషప్ మరణిస్తే ఆసియా ఖండం మొత్తంలో మరో ఆంగ్లికన్ బిషప్ లేరు. కొర్రీ జీవితంలోని కష్టమంతా ఆ గీత దగ్గరే ఉంది.

కంపెనీ రాజ్యంలో కొత్త పదవి

ఈస్టిండియా కంపెనీ చాలాకాలం తన ఉద్యోగులు, సైనికుల కోసం చాప్లిన్లు అనే గురువులను మాత్రమే నియమించింది. వారిపై చర్చి తరఫున అజమాయిషీ చేసేవారు లేరు. 1813లో బ్రిటిష్ పార్లమెంటు కంపెనీ చార్టరును పొడిగించినప్పుడు ఒక బిషప్‌ను, ముగ్గురు ఆర్చ్‌డీకన్లను నియమించాలని నిర్ణయించింది. బిషప్‌కు ఏటా 5,000 పౌన్లు, ఒక్కో ఆర్చ్‌డీకన్‌కు 2,000 పౌన్లు జీతం. కలకత్తా, మద్రాసు, బొంబాయి రాజధానులకు ఒక్కొక్క ఆర్చ్‌డీకన్ చొప్పున ఏర్పాటయ్యారు. మచిలీపట్నం, విశాఖపట్నం వంటి చోట్ల ఉన్న కంపెనీ చర్చిలు మద్రాసు ఆర్చ్‌డీకన్ పరిధిలోకి వచ్చాయి.

తొలి బిషప్ థామస్ మిడిల్టన్ 1814లో కలకత్తా చేరారు. ఆయన పరిధికి తర్వాత సింహళం తోడైంది. 1824లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌కు ఒక ఆర్చ్‌డీకన్‌ను ఏర్పాటు చేసి, దాన్ని కూడా కలకత్తా బిషప్ కిందనే ఉంచారు. ఒకే మనిషి ఇంత విస్తారమైన ప్రాంతాన్ని చూసుకోవడం అసాధ్యమని తెలిసినా ప్రభుత్వం రెండో బిషప్‌ను నియమించడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

చదువు, దీక్ష

డేనియల్ కొర్రీ 1777 ఏప్రిల్ 10న జన్మించారు. తండ్రి జాన్ కొర్రీ ఇంగ్లండులోని లింకన్‌షైర్ ప్రాంతంలో గ్రామ చర్చి గురువు. డేనియల్ కేంబ్రిడ్జిలో న్యాయశాస్త్రం చదివారు. అక్కడ చార్లెస్ సిమియన్ అనే బోధకుని ప్రభావం యువకులపై బలంగా ఉండేది. సిమియన్ శిష్యుల్లో చాలామంది కంపెనీ చాప్లిన్లుగా భారతదేశానికి వచ్చారు. కొర్రీ వారిలో ఒకరు. 1802లో డీకన్‌గా, 1804లో గురువుగా పట్టం పొందారు. 1806లో బెంగాల్ చాప్లిన్‌గా నియమితులై అదే ఏడాది సెప్టెంబరులో కలకత్తాలో దిగారు. అప్పటికి ఆయన వయసు 29 ఏళ్లు.

ఆయన కంటే కొద్ది నెలల ముందు వచ్చిన హెన్రీ మార్టిన్ ఆయనకు ప్రాణమిత్రుడు. మార్టిన్ మేధావి, భాషావేత్త, క్షణం తీరిక ఎరగని మనిషి. ఉర్దూలో కొత్త నిబంధనను అనువదించారు. కొర్రీకి అంతటి పాండిత్యం లేదు. నెమ్మదిగా, ఓపికగా, చెప్పిన పని పూర్తిచేసే స్వభావం ఆయనది. మార్టిన్ 1812లో టర్కీలోని టోకాట్‌లో 31వ ఏట మరణించారు. కొర్రీ ఈ దేశంలోనే మిగిలి, మిత్రుడు మొదలుపెట్టిన పనిని ముందుకు తీసుకెళ్లారు.

చునార్ కోట నుంచి ఆగ్రా దాకా

కొర్రీ తొలి మకాం గంగ ఒడ్డున బెనారస్‌కు సమీపంలోని చునార్ కోట. యుద్ధాల్లో దెబ్బతిని, వయసు మీరి పనికిరాని సిపాయిలుగా మిగిలిన యూరోపియన్ సైనికులు అక్కడ ఉండేవారు. వారిలో చాలామంది భార్యలు ఈ దేశపు స్త్రీలే. వారికి ఇంగ్లీషు రాదు. చాప్లిన్ జీతం వచ్చేది సైనికులకు ఆరాధన జరిపించినందుకే అయినా, ఆ స్త్రీలను, వారి పిల్లలను వదిలేయడం కొర్రీకి మనస్కరించలేదు. హిందుస్తానీ నేర్చుకుని వారి కోసం వేరుగా ఆరాధన పెట్టారు. పిల్లలకు బడులు తెరిచారు. చర్చి కట్టడానికి చందాలు పోగుచేశారు. బైబిలు సంగ్రహాన్ని, ప్రార్థన గ్రంథాన్ని హిందుస్తానీలోకి తెచ్చారు.

1810లో కాన్పూర్ వెళ్లారు. 1812లో ఎలిజబెత్ మైయర్స్‌ను వివాహమాడారు. 1813లో ఆగ్రాకు బదిలీ అయ్యారు. ఆ ప్రయాణంలో ఆయన వెంట ఒక ఢిల్లీవాసి ఉన్నారు. ఆయన అసలు పేరు షేక్ సాలిహ్. కాన్పూర్‌లో హెన్రీ మార్టిన్ బోధ విని క్రైస్తవుడై, 1811లో కలకత్తాలో బాప్తిస్మం పొంది అబ్దుల్ మసీహ్ అయ్యారు. పర్షియన్, ఉర్దూ భాషల్లో పండితుడు. ఆగ్రాలో హకీముగా పేదలకు ఉచితంగా మందులిస్తూ, ఉపదేశిగా పనిచేస్తూ ఒక సంఘాన్ని నిర్మించారు. చర్చి మిషనరీ సొసైటీకి ఈ దేశంలో తొలి ఉపదేశి ఆయనే.

కాలేయ వ్యాధితో కొర్రీ ఆరోగ్యం దెబ్బతిన్నది. 1815లో ఇంగ్లండు వెళ్లి, 1817లో తిరిగి వచ్చారు. కొంతకాలం బెనారస్‌లో ఉండి, తర్వాత కలకత్తాకు మారారు. చర్చి మిషనరీ సొసైటీ కలకత్తా కమిటీ కార్యదర్శిగా చాలా ఏళ్లు పనిచేశారు. బాలికల చదువు కోసం 1821లో కలకత్తా వచ్చిన మేరీ ఆన్ కుక్‌కు ఆ కమిటీయే అండగా నిలిచింది. ఆడపిల్లలు బడికి రావడమే వింతగా ఉన్న రోజుల్లో ఆమె నగర వీధుల్లో బాలికల పాఠశాలలు తెరిచారు.

ఒక ఉపదేశి నిరీక్షణ

ఆగ్రాలో సంఘం పెరిగింది. అబ్దుల్ మసీహ్ బోధించవచ్చు గానీ ప్రభు భోజనం ఇచ్చే అధికారం ఆయనకు లేదు. గురుపట్టం కావాలి. బిషప్ మిడిల్టన్ దగ్గర ఒక చట్టపరమైన చిక్కు ఉంది. తనకు ఇచ్చిన రాజపత్రంలో ఈ దేశస్థులకు పట్టమిచ్చే అధికారం స్పష్టంగా లేదని ఆయన భావించారు. పట్టాలు ఇవ్వలేదు. చివరకు 1820లో లూథరన్ గురువులు అబ్దుల్ మసీహ్‌కు తమ పద్ధతిలో పట్టమిచ్చారు.

1823లో పార్లమెంటు కొత్త చట్టం చేసి, కలకత్తా బిషప్ ఈ దేశస్థులకు తన పరిధిలో సేవ కోసం పట్టమివ్వవచ్చని తేల్చింది. అప్పటికి మిడిల్టన్ మరణించారు. ఆయన స్థానంలో వచ్చిన రెజినాల్డ్ హీబర్ 1824లో సింహళానికి చెందిన తమిళుడు క్రిస్టియన్ డేవిడ్‌కు పట్టమిచ్చారు. 1825లో అబ్దుల్ మసీహ్‌కూ ఇచ్చారు. కొర్రీతో ఆగ్రా వెళ్లిన 12 ఏళ్లకు ఆ ఉపదేశి ఆంగ్లికన్ గురువయ్యారు. 1827లో లక్నోలో మరణించారు. ఒక సంతకం, ఒక చేతి స్పర్శ లేకపోతే మనిషి జీవితం ఎంతకాలం నిలిచిపోతుందో కొర్రీ అక్కడే కళ్లారా చూశారు.

ఆర్చ్‌డీకన్‌గా నియామకం

హీబర్ 1823 అక్టోబరులో కలకత్తా చేరగానే కొర్రీని ఆర్చ్‌డీకన్‌గా నియమించారు. అప్పటికి కొర్రీ 17 ఏళ్లుగా ఈ దేశంలో పనిచేస్తున్నారు. కొత్తగా వచ్చిన బిషప్‌కు భాష, దారులు, మనుషులు తెలియవు. కొర్రీకి అన్నీ తెలుసు. 1824లో హీబర్ ఉత్తర భారతానికి గంగ మీదుగా పర్యటనకు బయలుదేరినప్పుడు కొంతదూరం కొర్రీ కూడా ఆయనతో ప్రయాణించారు. చాప్లిన్ల నివేదికలు చూడడం, చర్చిల మరమ్మతులకు ప్రభుత్వంతో ఉత్తరాలు నడపడం, సెలవులు, బదిలీలు, గురువుల తగాదాలు పరిష్కరించడం ఆర్చ్‌డీకన్ రోజువారీ పని. పేరు రాని పని. జరగకపోతే మాత్రం అందరికీ తెలిసే పని.

మూడు విడతల భారం

1826 ఏప్రిల్ 3న తిరుచిరాపల్లిలో స్నానానికి దిగిన బిషప్ హీబర్ నీటిలోనే మరణించారు. ఆయన వయసు 42 ఏళ్లు. కలకత్తాలో ఆర్చ్‌డీకన్ కొర్రీ పరిపాలన బాధ్యత స్వీకరించారు. వార్త ఓడలో ఇంగ్లండు చేరాలి. అక్కడ కొత్త బిషప్‌ను ఎంపిక చేయాలి. ఆయన ఓడలో ఇక్కడికి రావాలి. జాన్ జేమ్స్ 1828 జనవరిలో వచ్చేసరికి 21 నెలలు గడిచాయి.

జేమ్స్ ఏడు నెలలైనా నిండుగా పనిచేయలేకపోయారు. జబ్బుపడి, సముద్ర ప్రయాణం మేలు చేస్తుందన్న వైద్యుల సలహాతో ఓడ ఎక్కి, ఆగస్టులో సముద్రం మీదనే కన్నుమూశారు. మళ్లీ కొర్రీయే. 1829 డిసెంబరులో జాన్ టర్నర్ వచ్చారు. టర్నర్ కూడా 1831 జూలైలో కలకత్తాలో మరణించారు. మూడోసారీ కొర్రీయే. 1832 నవంబరులో డేనియల్ విల్సన్ వచ్చేవరకు పీఠం ఖాళీగానే ఉంది. మూడు విడతలూ కలిపితే నాలుగేళ్లకు పైగా ఆయన బిషప్ లేని డయోసిస్‌ను నడిపారు.

ఈ కాలమంతటా పట్టం కోసం సిద్ధమైన అభ్యర్థులు ఆగిపోయారు. కట్టడం పూర్తయిన చర్చిలు ప్రతిష్ఠ లేకుండా ఉన్నాయి. నిర్ధారణ పొందవలసిన యువకులు ఎదురుచూశారు. వీటిలో ఏ ఒక్కటీ ఆర్చ్‌డీకన్ చేయలేరు. గురువులు ఆయననే అడుగుతారు. ఆయన లండనుకు ఉత్తరం రాయగలరు, ఆగమని చెప్పగలరు, అంతే. మితిమీరి అధికారం వాడితే చట్టం ఒప్పుకోదు. చేతులు ముడుచుకుని కూర్చుంటే సంఘాలు చెదిరిపోతాయి. ఈ రెంటి మధ్య కొర్రీ గీత దాటకుండా పని ఆగకుండా చూశారు.

ప్రతిసారీ కొత్త బిషప్ ఇంగ్లండు నుంచే వచ్చారు. ఇక్కడే ఉండి అన్నీ తెలిసిన ఆర్చ్‌డీకన్‌ను ఆ పీఠంలో కూర్చోబెట్టలేదు. వచ్చిన ప్రతి బిషప్‌కు కొర్రీ లెక్కలు అప్పగించి, పక్కకు తప్పుకుని, తిరిగి ఆర్చ్‌డీకన్‌గా పని మొదలుపెట్టారు. అలిగి ఇంగ్లండు వెళ్లిపోలేదు. ఆయన సహనానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

మద్రాసుకు తొలి బిషప్

నాలుగు మరణాలు లండనుకు ఒక పాఠం నేర్పాయి. 1833 చార్టరు చట్టంలో మద్రాసు, బొంబాయిలకు వేరువేరు బిషప్‌లను ఏర్పాటు చేశారు. కలకత్తా బిషప్‌ను వారందరిపై మెట్రోపాలిటన్‌గా చేశారు. మద్రాసు పీఠానికి కొర్రీ పేరు ఖరారైంది. బిషప్‌గా అభిషేకం పొందడానికి ఆయన ఇంగ్లండు వెళ్లారు. 1835 జూన్ 14న లండనులోని లాంబెత్‌లో అభిషేకం జరిగింది. అదే ఏడాది అక్టోబరు 28న మద్రాసు సెయింట్ జార్జి కేథడ్రల్‌లో పీఠాన్ని అధిష్ఠించారు. 58 ఏళ్ల వయసులో, ఈ దేశంలో అడుగుపెట్టిన 29 ఏళ్లకు, పట్టమిచ్చే అధికారం ఆయన చేతికి వచ్చింది.

ఒక విశేషం గమనించదగ్గది. కలకత్తా బిషప్ కింద పనిచేసిన ఆర్చ్‌డీకన్లే కొత్త పీఠాలకు తొలి బిషప్‌లయ్యారు. కలకత్తా ఆర్చ్‌డీకన్ కొర్రీ మద్రాసుకు, న్యూ సౌత్ వేల్స్ ఆర్చ్‌డీకన్ విలియం బ్రాటన్ 1836లో ఆస్ట్రేలియాకు, బొంబాయి ఆర్చ్‌డీకన్ థామస్ కార్ 1837లో బొంబాయికి బిషప్‌లుగా నియమితులయ్యారు. క్షేత్రంలో పనిచేసిన అనుభవానికి చివరకు విలువ దక్కింది.

మద్రాసులో ఆయనకు ఎదురైన పరిస్థితి సాఫీగా లేదు. తిరునెల్వేలిలో పేరుపొందిన జర్మన్ మిషనరీ రేనియస్‌కు, చర్చి మిషనరీ సొసైటీకి మధ్య పట్టాల విషయంలోనే వివాదం ముదిరింది. ఉపదేశులకు లూథరన్ పద్ధతిలో పట్టం ఇవ్వాలన్నది రేనియస్ వాదన. 1835లో సొసైటీ ఆయనను తొలగించింది. అక్కడి సంఘాలు రెండుగా చీలాయి. కొర్రీ 1836 ఆరంభంలో దక్షిణాదికి పర్యటన చేశారు. అంతకు ఆరేళ్ల ముందు బిషప్ టర్నర్ డీకన్‌గా నియమించిన జాన్ దేవసహాయానికి ఆ ఏడాదిలోనే కొర్రీ పూర్తి గురుపట్టం ఇచ్చారు. ఆగ్రాలో ఒక దేశీయ ఉపదేశి పట్టం కోసం ఏళ్లతరబడి నిరీక్షించగా చూసిన చేతులే, దక్షిణాదిలో ఒక దేశీయ గురువు తలపై నిలిచాయి.

మద్రాసులో బడి లేని ఆంగ్లో ఇండియన్ పిల్లల చదువుపై కూడా ఆయన దృష్టి పెట్టారు. 1836లో ఆయన చొరవతో ప్రారంభమైన పాఠశాల తర్వాత బిషప్ కొర్రీ పేరుతోనే ప్రసిద్ధికెక్కింది.

సర్కారు మందలింపు

ఆయన జీవితంలో అతి బాధాకరమైన ఘట్టం కూడా 1836లోనే వచ్చింది. ఆ రోజుల్లో కంపెనీ ప్రభుత్వం దేవాలయాల ఆదాయ వ్యయాలు చూసేది. ఉత్సవాలకు సైనిక వందనాలు, ఫిరంగుల మోత, బ్యాండు మేళాలు ఏర్పాటు చేసేది. విధి నిర్వహణలో భాగంగా క్రైస్తవ సైనికులు, ఉద్యోగులు వాటిలో పాల్గొనక తప్పేది కాదు. ఈ పద్ధతి మానాలని లండనులోని కంపెనీ డైరెక్టర్లు 1833లోనే ఆదేశించినా మద్రాసులో అమలు కాలేదు. తమ మనస్సాక్షికి విరుద్ధమైన పని తమతో చేయించవద్దని కోరుతూ చాప్లిన్లు, మిషనరీలు, సైనికాధికారులు, ఉద్యోగులు దాదాపు 200 మంది సంతకాలతో వినతిపత్రం తయారుచేశారు. దాన్ని బిషప్ కొర్రీ ద్వారా ప్రభుత్వానికి పంపారు.

గవర్నరు సర్ ఫ్రెడరిక్ ఆడం ప్రభుత్వం వినతిని మన్నించకపోగా, దాన్ని పంపినందుకు బిషప్‌నే మందలించింది. మూడు దశాబ్దాలు ప్రభుత్వంతో ఏనాడూ తగవు పెట్టుకోని మనిషి, ఎన్నడూ హద్దు మీరని మనిషి, వృద్ధాప్యంలో హద్దు మీరావన్న మాట పడ్డారు. ఆ మాట ఆయనను కుంగదీసింది. కానీ ఆ వ్యవహారం అక్కడితో ఆగలేదు. ఇదే అంశంపై మద్రాసు సేనాధిపతి సర్ పెరిగ్రిన్ మెయిట్‌లాండ్ 1838లో పదవికే రాజీనామా చేశారు. ఆ తర్వాత ప్రభుత్వం క్రమంగా ఆ పద్ధతి నుంచి తప్పుకుంది. 1863 నాటి చట్టంతో దేవాలయాల, మసీదుల నిర్వహణను స్థానిక కమిటీలకు, ధర్మకర్తలకు అప్పగించింది. ఏ మతం వ్యవహారాలు ఆ మతస్థుల చేతుల్లో ఉండడమే సబబన్న వాదనకు అన్ని వర్గాల్లోనూ బలం చేకూరింది.

చివరి రోజులు

1836 డిసెంబరులో భార్య ఎలిజబెత్ మరణించారు. పాతికేళ్ల సహచర్యం ముగిసింది. కొర్రీ ఆరోగ్యం అప్పటికే క్షీణించింది. అయినా పని మానలేదు. ఆమె పోయిన ఏడు వారాలలోపే, 1837 ఫిబ్రవరి 5న ఆయన కూడా కన్నుమూశారు. వయసు 59 ఏళ్లు. బిషప్‌గా పనిచేసింది కేవలం 15 నెలలు. ఆర్చ్‌డీకన్‌గా పనిచేసింది 12 ఏళ్లు. సెయింట్ జార్జి కేథడ్రల్ ఆవరణలో ఆయనను సమాధి చేశారు. కేథడ్రల్‌లో ఆయన విగ్రహం ఉంది. ఉత్తరాలు, దినచర్యల ఆధారంగా సోదరులు కూర్చిన ఆయన జీవిత చరిత్ర 1847లో లండనులో అచ్చయింది.

తెలుగు నేలపై

కొర్రీ మరణించిన నాలుగేళ్లకు, 1841లో, రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నం చేరుకుని చర్చి మిషనరీ సొసైటీ తెలుగు మిషన్‌ను ప్రారంభించారు. 1843లో నోబుల్ ఇక్కడ పాఠశాల తెరిచారు. జిల్లాలో ఆధునిక విద్యకు పునాది వేసిన విద్యాసంస్థల్లో అది ప్రధానమైనది. నోబుల్ శిష్యులైన మంచాల రత్నం, ఐనాల భూషణం 1864లో మద్రాసు బిషప్ చేతుల మీదుగా పట్టం పొందారు. పట్టమిచ్చే బిషప్ వందల మైళ్ల దూరంలోని కలకత్తాలో కాక మద్రాసులో ఉండడం వల్ల ఈ ప్రాంత సంఘాలకు ఎంతో వెసులుబాటు కలిగింది. ఆ ఏర్పాటుకు తొలి మెట్టు కొర్రీ నియామకం.

ఇంకో అర్ధ శతాబ్దానికి, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య దోర్నకల్ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. అజరయ్య పుట్టింది కొర్రీ పర్యటించిన తిరునెల్వేలి సీమలో. పనిచేసింది తెలుగు పల్లెల్లో. ఒకనాడు ఈ దేశస్థులకు డీకన్ పట్టం ఇవ్వవచ్చా అని సందేహించిన పీఠం ఉన్న నగరంలోనే, ఈ దేశస్థుడు బిషప్ అయ్యారు. 1947 సెప్టెంబరు 27న కొర్రీ సమాధి ఉన్న మద్రాసు సెయింట్ జార్జి కేథడ్రల్‌లోనే దక్షిణ ఇండియా సంఘం ఆవిర్భవించింది.

మారిన పదవి

ఇంగ్లండు సంఘంలో ఆర్చ్‌డీకన్ పదవి నేటికీ కొనసాగుతోంది. చర్చి భవనాల తనిఖీ, వార్డెన్ల ప్రమాణం, గురువుల బాగోగులు ఇప్పటికీ వారి పనులే. 1840లో వచ్చిన చట్టం గురువుగా ఆరేళ్లు పూర్తిచేసినవారికే ఈ పదవి దక్కాలని నియమం పెట్టింది. 1996లో జూడిత్ రోజ్ టన్‌బ్రిడ్జి ఆర్చ్‌డీకన్‌గా నియమితులై, ఇంగ్లండు సంఘంలో ఆ పదవి చేపట్టిన తొలి మహిళ అయ్యారు.

మచిలీపట్నం, విశాఖపట్నం వంటి పాత కంపెనీ స్థావరాల్లో జరిగిన బాప్తిస్మాలు, వివాహాలు, సమాధుల వివరాలను చాప్లిన్లు నమోదు చేసి మద్రాసుకు పంపేవారు. వాటి ప్రతులు అక్కడి నుంచి లండనుకు వెళ్లేవి. నేటికీ అవి లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. పూర్వీకుల జాడ వెతుక్కునేవారికి అవే ఆధారం. చర్చి కప్పు కారుతోందా, రిజిస్టరు సరిగా రాశారా, పేద పిల్లలకు బడి ఉందా అని అడిగే మనిషి ఒకరు ఉండడం వల్లనే అటువంటి పని నిలుస్తుంది. పీఠం మీద కూర్చున్నవారి పేర్లు ఫలకాలపై ఉంటాయి. పీఠం ఖాళీ అయిన ప్రతిసారీ దీపం ఆరకుండా చూసి, కొత్తవారు రాగానే తాళాలు అప్పగించి పక్కకు జరిగిన కొర్రీ పేరు కూడా ఆ వరుసలో నిలవదగినదే.